ఉపగ్రహానికి మీ ఊరు తెలియదు

సంపాదకుల వారికి,

‘ఉపగ్రహం సాయంతో లారీ ఆచూకీ కనిపెట్టారు’, ‘ఫోన్ నుంచి శాటిలైట్‌కు సిగ్నల్ అందడంతో’ లాంటి మాటలు మన పత్రికల్లో, టీవీ స్క్రోలింగుల్లో తరచూ కనిపిస్తుంటాయి. చిన్న పొరపాటే కదా అని వదిలేయొచ్చు. కానీ ఇప్పుడు పొలం గట్టు రోవర్ అనే ఉపగ్రహ సర్వే పరికరంతో కొలుస్తున్నారు, బస్సుకు ట్రాకర్ బిగిస్తున్నారు, వేటకెళ్లే బోటులో హెచ్చరికల పెట్టె పెడుతున్నారు. సమాచారం ఎటు నుంచి ఎటు పోతోందో తెలియకపోతే, తేడా వచ్చిన రోజున ఎవర్ని నిలదీయాలో కూడా తెలియదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైందని కత్తెర వేయాల్సి వస్తే మొదటి సగంలో వేయండి. రైతుకు పనికొచ్చేది రెండో సగంలో ఉంది.

జీపీఎస్ ఉపగ్రహానికి మీ ఫోన్ ఒకటుందనే తెలియదు. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తన గడియారంలో టైమెంతో, తానెక్కడుందో చెప్పుకుంటూ పోతుందంతే. అక్షరాలా ఆకాశవాణి. వినేవాళ్లు పది మందా, పది కోట్ల మందా దానికి అనవసరం. లెక్క కట్టేది ఫోనే. ఒక్కో ఉపగ్రహం మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసి దూరం కడుతుంది. మూడు దూరాలుంటే చోటు తేలిపోవాలి. కానీ ఫోన్‌లోని గడియారం చౌకది కాబట్టి దాని తప్పు పట్టుకోవడానికి నాలుగో ఉపగ్రహం కూడా కావాలి. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే దూరం 300 మీటర్లు తప్పుతుంది. మీ ఫోన్ ఎక్కడుందో ఎవరికైనా తెలిసిందంటే ఆ సంగతి ఫోనే మొబైల్ నెట్‌వర్క్ మీద పంపింది, లేదంటే సెల్ టవర్ల లెక్కతో తేలింది. పోలీసు వార్తల్లో ‘జీపీఎస్’ అని రాసేది చాలాసార్లు ఈ టవర్ లెక్కే.

ఆ ప్రసారం ఎంత నిదానమో వింటే నవ్వొస్తుంది. సెకనుకు 50 బిట్లు, అంటే 50 సున్నాలో ఒకట్లో. వీడియో కాల్‌కు అలవాటు పడిన కాలంలో ఇది ఎద్దుల బండి. ఒక్కో బిట్టు 20 మిల్లీసెకన్లు ఉంటుంది. కాంతి వేగంతో లెక్కేస్తే ఆకాశంలో ఆ ఒక్క బిట్టు పొడవు 6,000 కిలోమీటర్లు. నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికీ మనకూ మధ్య ఏ క్షణం చూసినా దారిలో ఉండేది మూడు బిట్ల పైచిలుకే. మరి అంత బండ బిట్టుతో మీటర్ల లెక్క ఎలా తేలుతుందంటే, దూరం కొలిచేది బిట్టుతో కాదు, దాని కింద పరుగెత్తే కోడ్‌తో. 1,023 ముక్కల వరుస ఒకటి ప్రతి మిల్లీసెకనుకూ మొదటి నుంచి మొదలవుతుంది. ఒక్కో ముక్క నిడివి 293 మీటర్లు. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో వరుస కాబట్టి అన్నీ ఒకే 1575.42 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడినా కలగాపులగం కావు. రిసీవర్ తన దగ్గరున్న నకలును జరుపుకుంటూ వచ్చిన వరుసతో సరితూచి, ముక్కలో నూరో వంతు వరకు పట్టుకుంటుంది. అంటే సుమారు మూడు మీటర్లు. కోడ్‌ను మోసుకొచ్చే అల పొడవు 19 సెంటీమీటర్లే. ఆ అలను లెక్కపెట్టగలిగితే మిల్లీమీటర్ల దాకా వెళ్లొచ్చు. సర్వే రోవర్ చేసేది అదే.

ఇక ఆ నిదానపు మాటలో ఏముంటుంది? 30 సెకన్లకో ఫ్రేము, 1,500 బిట్లు. దాన్ని 5 సబ్‌ఫ్రేములుగా విడగొట్టారు. ఒక్కొక్కటి 6 సెకన్లు, 300 బిట్లు. అందులో మళ్లీ 30 బిట్ల చొప్పున 10 పదాలు. ప్రతి పదంలో 24 బిట్లు సరుకు, మిగతా 6 తప్పులు పట్టుకునే కాపలా. సబ్‌ఫ్రేము ఎక్కడ మొదలైందో తెలియడానికి ముందు 10001011 అనే గుర్తు వస్తుంది. వెంటనే రెండో పదంలో వారంలో ఇప్పటికి ఎంత సమయం గడిచిందన్న లెక్క ఉంటుంది. మొదటి సబ్‌ఫ్రేములో గడియారం దిద్దుబాటు, వారం సంఖ్య, ఉపగ్రహం ఆరోగ్యం ఉంటాయి. రెండు, మూడింట్లో ఆ ఉపగ్రహం కక్ష్య వివరాలు, అంటే ఎఫెమెరిస్. నాలుగు, అయిదింట్లో మిగతా ఉపగ్రహాలన్నీ సుమారుగా ఎక్కడెక్కడున్నాయో చెప్పే ఆల్మనాక్, అయనావరణం (సిగ్నల్‌ను ఆలస్యం చేసే పై వాతావరణపు పొర) దిద్దుబాటుకు 8 గుణకాలు, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీతో తేడా. ఈ చివరి రెండు సబ్‌ఫ్రేములూ 25 పేజీలుగా తిరుగుతాయి కాబట్టి మొత్తం పంచాంగం పూర్తిగా వినాలంటే 12.5 నిమిషాలు పడుతుంది. అంతా కలిపితే 37,500 బిట్లు, 5 కిలోబైట్లు కూడా నిండవు. వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది.

కొత్త ట్రాకర్ ఆన్ చేయగానే ‘నో ఫిక్స్’ అని మొరాయించడానికి కారణం ఇక్కడుంది. ప్రతి ఉపగ్రహం నుంచీ మొదటి మూడు సబ్‌ఫ్రేములు, 18 సెకన్ల మాట, తెగకుండా అందాలి. మధ్యలో ఫ్లైఓవర్ కిందికి బండి దూరి ఒక్క పదం కాపలా పరీక్షలో తప్పిందంటే ఆ ముక్క మళ్లీ వచ్చేదాకా ఇంకో 30 సెకన్లు ఆగాలి. అందుకే మెకానిక్కులు షెడ్డులో కూర్చుని పరికరం పాడైందని తేల్చేయకూడదు. ఆరుబయట బండి కదలకుండా రెండు నిమిషాలు నిలిపి చూడాలి. ఫోన్ మాత్రం రెండు మూడు సెకన్లలోనే చోటు చూపిస్తుంది కదా అంటారా? అది ఎఫెమెరిస్‌ను ఉపగ్రహం దగ్గర వినకుండా మొబైల్ డేటా మీద సర్వర్ నుంచి దించుకుంటుంది. దీన్ని అసిస్టెడ్ జీపీఎస్ అంటారు. డేటా ఆపేసి అడవిలోకి వెళ్తే అదే ఫోన్ పాత ట్రాకర్‌లా నత్తనడక నడుస్తుంది.

ఈ మాటల్ని ఉపగ్రహం సొంతంగా అల్లదు. నేల మీది కేంద్రాలు ఉపగ్రహాలను అనుక్షణం వింటాయి. అమెరికాలోని కొలరాడోలో ఉన్న ప్రధాన నియంత్రణ కేంద్రం రాబోయే గంటల కక్ష్యను, గడియారం నడకను లెక్కగట్టి మామూలుగా రోజుకోసారి పైకి ఎక్కిస్తుంది. ఎక్కించింది తప్పయితే ఉపగ్రహం ఆ తప్పునే శ్రద్ధగా చదువుతుంది. 2016 జనవరి 26న అదే జరిగింది. ఒక పాత ఉపగ్రహాన్ని విరమింపజేసే పనిలో నేల మీది సాఫ్ట్‌వేర్ తప్పు దొర్లి, యూటీసీతో తేడా చెప్పే లెక్క 13 మైక్రోసెకన్ల పైచిలుకు తప్పుగా పలు ఉపగ్రహాల్లోకి ఎక్కింది. దారి చూపే పని చెడలేదు, ఎందుకంటే దానికి యూటీసీ లెక్క అక్కర్లేదు. టైము కోసం జీపీఎస్ మీద ఆధారపడిన టెలికాం పరికరాలు మాత్రం అలారాలు మోగించాయి. ఒకే సందేశంలోని ఒక గడి చెడితే ఒక రకం వాడకందారుకు చీమ కుట్టినట్టుండదు, ఇంకొకరి కొంప మునుగుతుంది.

మన దేశపు నావిగేషన్ ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా ఇదే కుదురు, నడక మాత్రం వేరు. ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తున, కొన్ని భూస్థిర కక్ష్యలో, కొన్ని 29 డిగ్రీలు వాలిన కక్ష్యలో ఉంటాయి. 1176.45 మెగాహెర్ట్జ్ మీద ఒకటి, ఎస్-బ్యాండ్‌లో 2492.028 మీద ఒకటి ప్రసారం చేస్తాయి. ఫ్రేము 48 సెకన్లు, 12 సెకన్ల సబ్‌ఫ్రేములు నాలుగు. మొదటి రెండింట్లో కక్ష్య, గడియారం ఉంటాయి. మిగతా రెండింట్లో అవసరాన్ని బట్టి మారే సందేశాలు, అంటే అయనావరణం పటం, హెచ్చరికలు, పంపొచ్చు. ఫోన్లలో ఎక్కువ భాగం 1575.42 మీద వినడానికే పుట్టినవి కాబట్టి మొదటి తరం నావిక్ వాటి చెవిన పడేది కాదు. ఆ లోటు తీర్చడానికే 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో ఆ పౌనఃపున్యం కూడా చేర్చారు, దేశంలో తయారైన రుబీడియం అణు గడియారం పెట్టారు. గడియారం సంగతి ఎందుకు చెప్పాలంటే, 2013లో వెళ్లిన మొదటి నావిక్ ఉపగ్రహంలోని మూడు గడియారాలూ ఆగిపోయాయి. గడియారం లేని ఉపగ్రహం దారి చెప్పలేదు. కానీ రేడియో బాగుంటే సందేశాలు చదవగలదు, అలా ఏకముఖ సందేశాలకే వాడుతున్నవి ఉన్నాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02లో ఇంజనుకు ఆక్సిడైజర్ వదిలే వాల్వు తెరుచుకోక, అనుకున్న కక్ష్యకు చేరలేదు. రాకెట్ బాగా ఎగిరిందన్న వార్తకూ, నావిక్ బలపడిందన్న వార్తకూ మధ్య ఇంత దూరం ఉంటుంది.

ఏకముఖమే అన్న మాటకు మినహాయింపులున్నాయి. చైనా నావిగేషన్ వ్యవస్థ బైదూ తన ప్రాంతంలో పొట్టి సందేశాలు అటూ ఇటూ పంపనిస్తుంది, కాకపోతే దానికి ఆ సౌకర్యం ఉన్న పరికరం ఉండాలి. యూరప్ గెలీలియో ఉపగ్రహాలు 406 మెగాహెర్ట్జ్ ఆపద బీకన్ కేకను అందుకుని, ‘మీ కేక అందింది’ అన్న జవాబును నావిగేషన్ సందేశంలోనే తిరిగి పంపగలవు. మన తీరానికొస్తే, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, విమానాశ్రయాల సంస్థ కలిసి 2019 అక్టోబరులో తెచ్చిన జెమిని పరికరం ఉంది. తీరం దాటి 10–12 కిలోమీటర్లు వెళ్తే ఫోన్ సిగ్నల్ పోతుంది. అక్కడ తుపాను హెచ్చరిక, అలల ఎత్తు, చేపలుండే చోటు వంటివి గగన్ ఉపగ్రహ ప్రసారంలో వచ్చి ఈ పెట్టెలో పడి, బ్లూటూత్ మీద ఫోన్‌లోని యాప్‌కు చేరతాయి. గగన్ అసలు పని విమానాలకు జీపీఎస్ దిద్దుబాట్లు పంపడం. సెకనుకో సందేశం, 250 బిట్లు, అందులో సరుకు 212 బిట్లే. ఆ ఇరుకులోనే మత్స్యకారుడి మాట కూడా సర్దారు. కానీ గుర్తుంచుకోవాల్సింది ఇది: జెమినితో వినగలరే గానీ, ‘మునిగిపోతున్నాం’ అని చెప్పలేరు. అటు నుంచి ఇటు మాట రావాలంటే ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లక్ష బోట్లకు బిగించ తలపెట్టిన ట్రాన్స్‌పాండర్ కావాలి. అది నావిగేషన్ ఉపగ్రహంతో కాదు, సమాచార ఉపగ్రహంతో మాట్లాడుతుంది. రెండు పెట్టెలనూ ‘ఇస్రో జీపీఎస్’ అని ఒకే పేరుతో రాస్తే, జెమిని పెట్టుకున్నవాళ్లు ఆపదలో దాని బటన్ల కోసం వెతుక్కుంటారు.

ఇక నేల మీదికి వద్దాం. తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. రిసీవర్ తన చోటు లెక్కగట్టాక దాన్ని ఎన్ఎంఈఏ అనే ప్రమాణంలో ఒక వాక్యంగా రాస్తుంది. డాలరు గుర్తుతో మొదలై, కామాలతో గడులు గడులుగా సాగి, నక్షత్రం గుర్తు తర్వాత రెండక్షరాల సరిచూపు అంకెతో ముగుస్తుంది. అందులో జీజీఏ అనే వాక్యం ముఖ్యమైంది: టైము, అక్షాంశం, రేఖాంశం, ఫిక్స్ నాణ్యత, ఎన్ని ఉపగ్రహాలు, ఎత్తు. అక్షాంశం గడిలో 1723.1000 అని ఉంటే అది 17.231 డిగ్రీలు కాదు, 17 డిగ్రీల 23.1 నిమిషాలు. ఆ నిమిషాలను 60తో భాగిస్తే 17.385 డిగ్రీలు, హైదరాబాద్ నడిబొడ్డు. రేఖాంశం 07829.2020 అన్నా అంతే, 78 డిగ్రీల 29.202 నిమిషాలు, అంటే 78.4867. కొత్తగా సర్వర్ రాసే కుర్రాళ్లు చుక్కను రెండంకెలు ముందుకు జరిపి సరిపెట్టేస్తారు. బస్సు కోఠిలో ఉంటే మ్యాపులో సుమారు 27 కిలోమీటర్లు నైరుతికి తేలుతుంది. ఈ తప్పు పట్టుకోవడానికి తేలికైన దారి ఉంది. నిమిషాలు 60 దాటవు. కాబట్టి వారం డేటా తీసి చూస్తే డిగ్రీల దశాంశం ఎక్కడా .60 దాటకపోతే, .59 నుంచి ఒక్కసారిగా తరువాతి డిగ్రీకి దూకుతుంటే, నిమిషాలనే డిగ్రీలుగా రాసేశారన్న మాట. ఉపగ్రహం మీదికి నెపం నెట్టే ముందు ఈ ఒక్కటీ చూడండి.

టైము గడి కూడా ఇలాంటిదే. అందులో ఉండేది యూటీసీ. మన టైముకు అయిదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5.30 దాకా తేదీ కూడా నిన్నటిదే పడుతుంది. రాత్రి 3 గంటలకు ప్రమాదం జరిగిన బస్సు లాగ్‌లో ముందు రోజు తేదీ కనిపిస్తే ఎవరో రికార్డు మార్చారని కాదు, మార్పిడి మరిచారని అర్థం. పాత పరికరాల్లో ఇంకో చిక్కు ఉంది. జీపీఎస్ సందేశంలో వారం సంఖ్యకు ఇచ్చింది 10 బిట్లే. 1,024 వారాలు నిండగానే మళ్లీ సున్నా. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి ఇంకోసారి సున్నా అయింది. మళ్లీ 2038 నవంబరులో. దీన్ని పట్టించుకోని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్న పరికరం చోటు సరిగ్గానే చెబుతుంది, తేదీ మాత్రం 19 ఏళ్ల 7 నెలలు వెనక్కి చూపిస్తుంది. సర్వర్ ఆ పాత తేదీని చూసి డేటా చెత్తబుట్టలో వేస్తే ‘బండి కనిపించడం లేదు’ అన్న ఫిర్యాదు వస్తుంది.

ప్రజా రవాణా బండ్లకు 2019 నుంచి వర్తిస్తున్న ఏఐఎస్-140 ప్రమాణపు ట్రాకర్, నెట్‌వర్క్ లేని చోట రికార్డులను లోపలే దాచి, సిగ్నల్ రాగానే వరుసగా పంపాలి. ఘాట్ రోడ్డు దిగాక ఒక్కసారిగా పాత చోట్లన్నీ మ్యాపులో మెరిసి మాయమయ్యేది అందుకే. వచ్చిన టైము వేరు, కొలిచిన టైము వేరు. ఏ టైముతో వేగం లెక్కగట్టారో అడగకుండా ‘గంటకు 180 కిలోమీటర్ల వేగం’ అని రాయకూడదు.

ఇప్పుడు రోవర్. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో ఈ మాట పల్లెల్లోకి వచ్చేసింది. రోవర్ అనేది ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. కచ్చితంగా తెలిసిన చోట స్థిరంగా కూర్చున్న ఇంకో రిసీవర్, అంటే కోర్స్ కేంద్రం, అదే ఉపగ్రహాలను అదే క్షణాన వింటూ తన కొలతలను ఇంటర్నెట్ మీద పంపుతుంది. రెండు చోట్లా ఒకేలా ఉండే తప్పులు, అంటే ఉపగ్రహ గడియారానివి, కక్ష్యవి, అయనావరణానివి, తీసివేతలో కొట్టుకుపోతాయి. ఈ కొలతలు ప్రయాణించే భాష ఆర్‌టీసీఎం. 1006 నంబరు సందేశంలో బేస్, అంటే ఆ స్థిర రిసీవర్, ఎక్కడుందో, యాంటెన్నా ఎత్తెంతో ఉంటుంది. 1077లో జీపీఎస్ కొలతలు, 1087లో రష్యా గ్లోనాస్, 1097లో గెలీలియో, 1127లో బైదూ, 1137లో నావిక్. దీన్ని మోసే బండి ఎన్‌ట్రిప్, జర్మనీ భూమాపన సంస్థ బీకేజీలో రూపుదిద్దుకున్న పద్ధతి. క్యాస్టర్ అనే సర్వర్ చిరునామా, పోర్టు మామూలుగా 2101, యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఏ దిద్దుబాటు కావాలో చెప్పే మౌంట్ పాయింట్ పేరు – ఇవి కంట్రోలర్‌లో, అంటే రోవర్‌ను నడిపే చేతి పరికరంలో, కొట్టాలి. నెట్‌వర్క్ దిద్దుబాటు తీసుకునేటప్పుడు రోవర్ తన జీజీఏ వాక్యాన్ని కూడా క్యాస్టర్‌కు పంపాలి. అది చూసి రోవర్ పక్కనే ఒక బేస్ ఉన్నట్టు దిద్దుబాటు తయారుచేస్తారు. ఈ రోవర్ కథలో నిజమైన ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడే ఉంది. జీజీఏ పంపే ఆప్షన్ ఆపేసి ఉంటే ‘కనెక్టెడ్’ అని పచ్చగా కనిపిస్తుంది, దిద్దుబాటు మాత్రం ఒక్క బైటూ రాదు. సగం ఫిర్యాదులు ఈ ఒక్క టిక్కు దగ్గరే తేలిపోతాయి.

దిద్దుబాటు అందాక రోవర్ చేసే అసలు పని, ఉపగ్రహం నుంచి తన దాకా 19 సెంటీమీటర్ల అలలు మొత్తం ఎన్నో పూర్ణాంకంగా తేల్చడం. తేలితే ‘ఫిక్స్‌డ్’, జీజీఏ నాణ్యత గడిలో 4. తేలక ఇంకా దశాంశాల్లో తేలుతుంటే ‘ఫ్లోట్’, ఆ గడిలో 5. దిద్దుబాటే లేకపోతే 1. ఫిక్స్‌డ్‌లో ఒకటి రెండు సెంటీమీటర్లు, ఫ్లోట్‌లో పదుల సెంటీమీటర్లు, 1లో కొన్ని మీటర్లు తేడా ఉంటుంది. తెర మీద మాత్రం మూడూ మిల్లీమీటర్ల దాకా అంకెలు చూపిస్తాయి. 100 మీటర్ల గట్టు 30 సెంటీమీటర్లు జరిగితే పోయేది 30 చదరపు మీటర్లు, ముప్పావు సెంటుకు కాస్త తక్కువ. మామిడి తోట నీడలో, రేకుల షెడ్డు పక్కన, నీళ్ల ట్యాంకు కింద ఫ్లోట్ సహజం. అక్కడ పంతానికి పాయింటు నొక్కకూడదు. తోట బయట రెండు చోట్ల ఫిక్స్‌డ్ పాయింట్లు తీసి, అక్కణ్నుంచి టేపుతో గానీ, కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్‌తో గానీ హద్దు రాయికి కొలవాలి. పాత గొలుసు పద్ధతికి ఇప్పటికీ ఇక్కడ చోటుంది.

ఫిక్స్‌డ్ అని చూపించినా పూర్ణాంకం తప్పుగా తేలడం అరుదే గానీ, ఉంది. దాన్ని పట్టుకునే మార్గం ఒక్కటే. యాంటెన్నాను తలకిందులు చేసి గానీ, కనెక్షన్ తెంపి గానీ లెక్క మొదటి నుంచి మొదలెట్టించి, అదే రాయిని మళ్లీ కొలవాలి. అరగంట ఆగి కొలిస్తే ఇంకా మేలు, ఉపగ్రహాల అమరిక మారుతుంది కాబట్టి. రెండు కొలతలకూ తేడా 3 సెంటీమీటర్లు దాటితే రెండూ పక్కన పెట్టాలి. దిద్దుబాటు వయసు గడి కూడా చూడాలి. మొబైల్ సిగ్నల్ చిక్కుబడి 10 సెకన్ల నాటి పాత దిద్దుబాటుతో పనిచేస్తున్న రోవర్‌ను నమ్మకూడదు. మన అక్షాంశాల్లో సూర్యాస్తమయం తర్వాత, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అయనావరణం అలజడిగా ఉండి ఫిక్స్ మాటిమాటికీ జారిపోతుంది. ఎండకు జడిసి సాయంత్రం సర్వే పెట్టుకునేవాళ్లు ఇది గమనించాలి.

దూరం లెక్క మర్చిపోకూడదు. ఒకే బేస్ నుంచి పనిచేస్తే కిలోమీటరుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తప్పు పెరుగుతుంది. 30 కిలోమీటర్లయితే 3 సెంటీమీటర్లు అదనం. జాబితాలో తెలిసిన పేరు కనబడిందని దూరంగా ఉన్న మౌంట్ పాయింట్ ఎంచుకుంటే జరిగేది ఇదే. ఇంతకంటే ప్రమాదమైంది ఇంకొకటి ఉంది. కోర్స్ సిగ్నల్ అందని చోట గట్టు మీదే సొంత బేస్ పెట్టి, దాని చోటును ‘హియర్’ నొక్కి తీసుకోవడం. ఆ చోటు రెండు మూడు మీటర్లు తప్పు. ఆ తప్పునే 1006 సందేశంలో రోవర్‌కు చెబుతారు, రోవర్ గుడ్డిగా నమ్ముతుంది. ఫిక్స్‌డ్ వస్తుంది, పొలం ఆకారం, విస్తీర్ణం చక్కగా కుదురుతాయి. కాకపోతే పొలమంతా కలిపి పక్క సర్వే నంబరులోకి జరిగిపోతుంది. మరుసటి నెల ఇంకో బృందం కోర్స్‌తో కొలిచినప్పుడు తగాదా మొదలవుతుంది. సొంత బేస్ పెడితే తెలిసిన నియంత్రణ రాయి మీదే పెట్టాలి, లేదా పని ముగిశాక ఒక తెలిసిన రాయిని రోవర్‌తో తాకి చూడాలి.

అంకెలు సరైనవైనా వాటి ఇల్లు తెలియకపోతే దండగే. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. పదేళ్ల నాటి ఎపోక్‌లో (ఏ తేదీ నాటి చోటో చెప్పే ఆధారం) ఉన్న అంకెను ఈనాటి అంకెతో పోలిస్తే అర మీటరు తేడా కనబడుతుంది, రాయి మాత్రం అక్కడే ఉంటుంది. మ్యాపు లెక్క కోసం భూమిని 6 డిగ్రీల పట్టీలుగా విడగొట్టిన యూటీఎం మండలాల గోల వేరే. 78 డిగ్రీల రేఖ కర్నూలు నగరానికి కొంచెం పడమరగా పోతుంది. దానికి పడమర ఉన్న అనంతపురం, గద్వాల 43వ మండలం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, శ్రీకాకుళం 44. పలాస, ఇచ్ఛాపురం దగ్గరికొచ్చేసరికి 45. ఫైల్ ఇచ్చేవాళ్లు మండలం రాయకపోతే అనంతపురం చెరువు నెల్లూరు జిల్లా దాటి బంగాళాఖాతంలో తేలుతుంది. ఎత్తుల్లోనూ ఇలాంటి తకరారే. రిసీవర్ నేరుగా చెప్పేది దీర్ఘగోళం, అంటే లెక్క కోసం ఊహించుకున్న నున్నటి భూమి ఆకారం, నుంచి ఎత్తు. మన ద్వీపకల్పంలో సముద్ర మట్టం ఆ ఊహాతలం కంటే పదుల మీటర్లు కిందుంది. విశాఖ తీరాన ఇసుకలో నిలబడితే మైనస్ అంకె వస్తుంది, పరికరం చెడినట్టు కాదు. ఇక రోవర్ కర్ర 2 మీటర్లకు లాగి కంట్రోలర్‌లో 1.8 అని వదిలేస్తే పొలం విస్తీర్ణం చెడదు గానీ, కిలోమీటరుకు 10 సెంటీమీటర్ల వాలు ఉండే కాలువ మీద ఆ 20 సెంటీమీటర్లు అంటే రెండు కిలోమీటర్ల వాలు మాయమైనట్టే.

వీటన్నిటికీ సాక్ష్యం ఒకటుంటుంది, ముడి డేటా. ఏ కంపెనీ రిసీవరైనా దాన్ని రైనెక్స్ అనే ఉమ్మడి రూపంలోకి మార్చుకోవచ్చు. 1989లో స్విట్జర్లాండ్ బెర్న్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ గుర్ట్‌నర్ మొదలుపెట్టింది అది. మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పైన యాంటెన్నా రకం, ఎత్తు, సుమారు చోటు. కింద క్షణక్షణం ఒక్కో ఉపగ్రహం కోడ్ దూరం, అలల లెక్క, సిగ్నల్ బలం. జీపీఎస్‌కు జీ, గెలీలియోకు ఈ, నావిక్‌కు ఐ అని ముందు అక్షరం. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న అంతర్జాతీయ నెట్‌వర్క్ కేంద్రం డేటా కూడా ఈ రూపంలోనే ప్రపంచానికి అందుతుంది. రోవర్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఉంటే, ఏడాది తర్వాత కూడా మరో ఇంజనీరు కోర్స్ రైనెక్స్ పక్కన పెట్టుకుని అదే రాయిని ఇంట్లో కూర్చుని మళ్లీ లెక్కగట్టొచ్చు. ఆన్ చేయకపోతే మిగిలేది ఒక అంకె, దాన్ని నొక్కిన మనిషి మాట.

నకిలీ సిగ్నళ్ల సంగతి రెండు ముక్కల్లో. ఉపగ్రహం మాట మన దగ్గరికొచ్చేసరికి గాలిలోని గోల కంటే బలహీనంగా ఉంటుంది. దాని కోడ్ అందరికీ తెలిసిందే. పక్కనుంచి కాస్త గట్టిగా అదే భాషలో అబద్ధం చెబితే మామూలు రిసీవర్ నమ్ముతుంది. గెలీలియో తన సందేశంలో రెండు సెకన్లకు 40 బిట్ల చొప్పున సంతకం కలపడం 2025 జులై నుంచి అధికారికంగా మొదలుపెట్టింది. రిసీవర్‌కు ఆ సంతకం చదవడం వచ్చి ఉండాలన్నది షరతు. టెండర్లు రాసే అధికారులు ఈ ఒక్క వాక్యం కలిపితే చాలు.

చివరగా మీకో విన్నపం. రీసర్వే తగాదాల మీద మీ విలేకరులు రాసేటప్పుడు ‘రోవర్ తప్పు చూపింది’ అని వదిలేయకుండా, ఆ రాయి నాణ్యత గడిలో 4 ఉందా 5 ఉందా, ఏ మౌంట్ పాయింట్, దిద్దుబాటు వయసెంత, రెండోసారి కొలిచారా, ముడి డేటా ఎవరి దగ్గరుంది అని అడగండి. వచ్చిన అంకెలే అచ్చు వేయండి. లాగ్ చెరిపేశామని జవాబొస్తే అదే శీర్షిక పెట్టండి.

ఇట్లు,
సర్వే, నావిగేషన్ రంగంలో పనిచేసే ఒక పాఠకుడు,
హైదరాబాద్